పాత పోగు

మొదటి ఉప్పు పలుకే తేనెరంగులో కనిపించింది. వనజ పైరేకును తిప్పడం ఆపి, కళ్లద్దాలు తీసి, చున్నీ కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. తేనెరంగే. తప్పు కళ్లద్దాలదైతే ఎంత బాగుండేదో. మూడేళ్లలో పదకొండు వేల పలుకులు చూసింది ఆమె, కింద దీపం, పైన తన కన్ను, మధ్యలో రెండు పోలరాయిడ్ రేకులు, ఆ రేకుల నడుమ గాజు గిన్నె, గిన్నెలో బియ్యపు నూకలంత సోడియం క్లోరేట్ స్ఫటికాలు. పైరేకును కాస్త కుడికి తిప్పితే చాలు, ఎడమ వాటం స్ఫటికమైతే నీలం తిరుగుతుంది, కుడి వాటందైతే తేనెరంగు తిరుగుతుంది. ఆ పదకొండు వేలలో తేనెరంగువి ముప్పై కూడా లేవు. అన్నీ నీలమే. ఆ నీలమే ఆమె పరిశోధన, ఆమె డాక్టరేటు, ఆమె ముప్పై తొమ్మిదో ఏట బతుకులో మిగిలిన ఒకే ఒక్క మంచి కబురు. ఇవాళ రెండో శనివారం, కరీంనగర్‌లో తాను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు, హాస్టల్ వెనక ఎవరూ వాడని ఈ సామాన్ల గదిలో పది కొత్త గిన్నెలు పెట్టుకుని కూర్చుంది. పదకొండింటికి ఆమె గైడు భానుప్రసాద్ సార్ వర్సిటీ నుంచి ఫోన్ చేస్తానన్నారు. లెక్క చెబితే పేపర్లో ఆఖరి ఖాళీ నింపుతారు. ఇప్పుడు పదీ పది. రెండో పలుకు నీలం. హమ్మయ్య అనుకుంది. మూడోది తేనెరంగు, నాలుగోది తేనెరంగు. నోట్‌బుక్కులో కుడి అని రాసి దాని కింద గీత గీయాలంటే ఆమెకు చెయ్యి రాలేదు, ఆ గడిని మూడేళ్లుగా ఊరికే గీసి పెడుతూ వచ్చింది గనుక.

అసలు ఈ పిచ్చి ఎక్కడ పట్టింది తనకు? ఉట్నూర్‌లో పట్టింది. గురుకులంలో కాంట్రాక్టు టీచరుగా చేరిన రోజులు, పొద్దున్నే జీపులో పదహారు మందితో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వెళ్లే రోజులు. భూమిక అనే తొమ్మిదో తరగతి పిల్ల, అద్దంలో చూసుకుంటే ముక్కుపుడక రెండో పక్కకు పోతుంది గానీ స్టీలు గ్లాసు మాత్రం ఎట్లున్నది అట్లనే ఉంటది ఎందుకు మేడం అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న. అద్దంలో మారని వస్తువుకు ఎడమా కుడీ లేవమ్మా అని ఏదో చెప్పింది గానీ, ఆ రాత్రి పాత పుస్తకం తిరగేస్తే అంతకంటే వింత కనిపించింది. సోడియం క్లోరేట్ కూడా స్టీలు గ్లాసులాంటిదే, నీళ్లలో కరిగి ఉన్నప్పుడు దానికి ఎడమా లేదు కుడీ లేదు, అద్దంలో చూపినా అదే. కానీ నీళ్లు ఆరి కణాలన్నీ వరసగా పేర్చుకుని స్ఫటికం కట్టేటప్పుడు మాత్రం ఎడమకో కుడికో మెలి తిరుగుతుంది. ఏ వాటమూ లేని దానికి వాటం వస్తుంది. వనజకు ఇందులో ఆశ్చర్యం ఉండాల్సిన పని లేదు, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇంట్లో పుట్టిన పిల్ల. పత్తికి ఏ వాటమూ లేదు, వడికితేనే దారానికి కుడి మెలో ఎడమ మెలో వస్తుంది. బాపు రాజలింగు పోగు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఇట్లా నలిపి, ఇది కుడి మెలి అని కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒకసారి రెండు మెలుల దారం కలిసిపోయి, ఎండలో పెడితే గుడ్డ మీద నీడల్లాగా చారలు తేలి, సేటు ఆ బట్టతాను మొత్తం వాపసు పంపాడు. రెండు రోజులు బాపు అన్నం ముట్టలేదు. ఇప్పుడు తన గిన్నెలో అవే చారలు తేలుతున్నాయి. మొదటి గిన్నె అయింది. ఎడమ పద్నాలుగు, కుడి పదిహేడు.

పది గిన్నెలున్నాయి కదా, ఒక గిన్నె చూసి గుండె జారిపోతే ఎట్లా అని తనకు తానే చెప్పుకుని రెండోదాన్ని దీపం మీదికి జరిపింది. కదలకుండా ఉంచిన గిన్నెలో ఏ పలుకు వాటం ఆ పలుకుదే, మొత్తం మీద సగం ఎడమ, సగం కుడి రావాలి. కలియబెడుతూ ఉంటే వేరే సంగతి. మొదట పుట్టిన పలుకు చిట్లి, దాని ముక్కలే తక్కినవాటికి విత్తనాలై, గిన్నె మొత్తం దాని వాటానికే పోతుంది. ఇది రసాయన శాస్త్రంలో అందరికీ తెలిసిన సంగతే. వనజ చూసింది అది కాదు. కదపకుండా, కలపకుండా, మూతపెట్టి వదిలేసిన గిన్నెల్లో కూడా అన్నీ ఎడమే వచ్చాయి, మూడు వందల గిన్నెల్లో, ఎండాకాలం, వానాకాలం, చలికాలం. భానుప్రసాద్ సార్ మొదట నమ్మలేదు, తర్వాత కరీంనగర్‌దాకా వచ్చి తన కళ్లతో చూసి, అంత పెద్దమనిషి, మనకు దొరికిందమ్మా అన్నారు. మనకు అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె ఏడాదిన్నర బతికింది. తర్వాత పత్రికకు పేపరు పంపితే, చదివిన వాళ్లెవరో పేరు లేకుండా ఒక్క వాక్యం రాసి పంపారు. ఇంతవరకు ఈ పదార్థం పొడి కూడా చేరని గదిలో, కొత్త గాజుతో, కొత్త సీసాతో ఒక్కసారి చేసి చూపండి. ఎవరో గానీ, మర్యాదస్థులు. తిట్టి ఉంటే తిరిగి తిట్టుకునేది.

అందుకని నాలుగు రోజులు ల్యాబు వైపు పోలేదు. ఆ పొడి కంటికి కనపడదు, బట్టల మీద, జుట్టులో, గోళ్లలో కూర్చుని వస్తుంది. తలస్నానం చేసి, పెట్టెలోంచి కొత్త బట్టలు తీసి కట్టుకుని, చెప్పులు కూడా కొత్తవి కొని, దారిలో ఎవరినీ ముట్టకుండా వచ్చి గదిని తానే ఊడ్చి, తానే తుడిచి, గిన్నెలు పెట్టి తాళం వేసుకుంది. గోదావరిఖనిలో గని పనికి పోతూ విజయేందర్, ఏదన్న ఉపాసం పట్టినవా అని నవ్వాడు. మొగుడైన వాడు ఆ మాత్రం నవ్వుకోవాలి మరి, మూడేళ్ల నుంచి పెళ్లాం ఉప్పు లెక్కపెడుతోందని స్నేహితులకు చెప్పుకుంటున్నాడు. ల్యాబు అటెండరు సిద్దిరాములును కూడా హాస్టల్ వైపు రావద్దని కచ్చితంగా చెప్పింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకున్నాడు, ఇంత జాగ్రత్త ఎవరి కోసం? నీలం కోసం. రెండో గిన్నెలో ఎడమ పదహారు, కుడి పదమూడు. మూడో గిన్నెలో సరిగ్గా పదిహేనుకు పదిహేను, ఎవరో కూర్చుని పంచిపెట్టినట్టు. ఒళ్లు మండింది ఆమెకు. ఇంత సరిగ్గా రావాలా? ఒక్క గిన్నె, ఒకే ఒక్క గిన్నె నీలంగా వచ్చి ఉంటే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి వాదించేది కదా.

డిసెంబరు ముప్పై ఒకటికి గడువు. రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించరు, ఆ తేదీలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ తనకన్నా పదేళ్లు చిన్నవాళ్ల పక్కన లైన్లో నిలబడటం. తన దగ్గర చదువుకున్న పిల్లలే ఇద్దరు డాక్టర్లయిపోయి, మేడం మీదెప్పుడు అని అడుగుతున్నారు, ప్రేమగానే అడుగుతారు, అదే బాధ. మొదటి ఏడాది ఇంకా ఘోరం. ఆ వానాకాలం గాలిలో తేమ ఎంతంటే గిన్నెలో నీళ్లు ఆరేవే కావు, ఒక్క పలుకు పుట్టలేదు, రోజూ పొద్దున మూత తీయడం, ఖాళీ నీళ్లు చూడటం, సాయంత్రం నాలుగున్నర బస్సుకు పరుగెత్తడం. ఒకసారి గిన్నెలు ముందు పెట్టుకుని ఏడ్చింది కూడా, సిద్దిరాములు చూశాడు. వానలు పోయాక ఒకే ఒక గిన్నెలో చింతగింజంత ఒంటరి పలుకు పుట్టింది. ఒక్కటి దేనికి పనికొస్తుంది, పారెయ్యి కాకా అంది విసుగ్గా. ఆ తర్వాతే అదృష్టం తిరిగింది. ఏ గిన్నె పెట్టినా రెండు రోజుల్లో నిండుగా, ఒకే తీరుగా, ముద్దొచ్చేలా పలుకులు. నీ హస్తవాసి మంచిది కాకా, నువ్వు మూతపెడితే పలుకులు ఆగుతలేవు అని ఎన్నిసార్లు అందో. ఎందుకు ఆగడం లేదు అని ఒక్కసారి కూడా అడగలేదు. పని జరుగుతున్నప్పుడు ఎవరడుగుతారు? నాలుగో గిన్నె, ఐదో గిన్నె. కుడి గడిలో గీతలు గుంపులు గుంపులుగా నిండుతున్నాయి, చెయ్యి ఇప్పుడు అలవాటు పడిపోయింది. పదీ నలభై.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. సిద్దిరాములు, ఒక చేతిలో చాయ్ ఫ్లాస్కు, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు వైపని చేసిన మనిషి. సాంచె మీద పడుగు దారం చుట్టిన బీము ఒకటి అయిపోయిందంటే, మిగిలిపోయిన పాత పోగుల కొసలకు కొత్త బీము పోగుల్ని ఒక్కొక్కటిగా, రెండు వేల పైచిలుకు, వేళ్లతో మెలిపెట్టి అతకడం వైపని. పని తగ్గిపోయాక ఈ కాలేజీలో అవుట్‌సోర్సింగ్ అటెండరుగా చేరాడు, ఏటేటా మార్చిలో ఉంచుతారో తీసేస్తారో తెలియని కొలువు. నలుగురిలో ఆమెను మేడం అంటాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అంటాడు, బాపుకు దోస్తు. ఇక లోపలికి రావచ్చు కాకా, లెక్క మొదలయ్యాక ఏ పొడి పడితే ఏం అని ఆమె అంది. ఆయన వచ్చి ఫ్లాస్కు కింద పెట్టి, ఆమె భుజం మీదుగా రేకులోంచి తొంగిచూశాడు. మూడేళ్లుగా చూస్తున్నవాడు, చెప్పకుండానే తెలిసిపోయింది ఆయనకు.

"మంచిగ రాలేవా బిడ్డా?"

రాలేదని తల ఊపింది.

"ఎట్లొస్తయి. నన్ను ముట్టుకోవద్దంటివి. పోగు కలుపకపోతే గిట్లనే అయితది."

వనజ రేకును బల్ల మీద పెట్టింది. ఏం పోగు అని అడిగింది. ఆయన దాచుకునేది ఏమీ లేనట్టే చెప్పుకొచ్చాడు. ఆ మొదటి ఏడాది ఆమె ఏడుస్తుంటే చూడలేకపోయాడట. ఆ చింతగింజంత దాన్ని పారెయ్యమంటే మనసు రాలేదట. తీసి మెత్తగా నూరి, ఖాళీ అయిన జండూబామ్ డబ్బా ఒకటి కడిగి అందులో పోసుకుని, ఆనాటి నుంచి రోజూ ఆమె బస్సుకు పోయాక, గిన్నెలకు మూత వేసే ముందు, గిన్నెకింత, సూది మొన మీద ఎంత నిలిస్తే అంత వేసేవాడట. పొడి అయిపోవస్తే కొత్తగా పుట్టిన వాటిలోంచి మళ్లీ ఒకటి తీసి నూరేవాడట, తెగనివ్వలేదట.

"నాకెందుకు చెప్పలే కాకా?"

"చెప్పెతందుకు ఏమున్నది బిడ్డా. పాత పోగు లేకుంట కొత్త బీము ఎట్ల ఎక్కుతది? రాజలింగు బిడ్డవు, నీకు తెల్వదా?"

తెలుసు. ఎందుకు తెలియదు? పాత పోగు తెంచేస్తే సాంచెలోంచి ఒక్కో పోగునూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి, ఒక రోజు పని నాలుగు రోజులవుతుంది, అందుకే ఏ ఇంట్లోనూ ఒక బీము ఆఖరిదాకా నేయరు, జానెడు వదిలేస్తారు, బాపు వదిలేవాడు, పక్కింటివాళ్లు వదిలేవాళ్లు, ఆ జానెడు దారాల మధ్యే ఆమె ఎక్కాలు నేర్చుకుంది. తెలిసీ ఆమె ఆ మనిషి చేతుల్లో గిన్నెలు పెట్టి బస్సెక్కింది. మూడు వందల గిన్నెలు, మూడు వందల సాయంత్రాలు, ఒక్క పలుకు, ఒకే ఒక్క చింతగింజ, దాని పిల్లలు, దాని పిల్లల పిల్లలు, పదకొండు వేలు. ఆ ఒక్కటి ఎడమకు బదులు కుడికి పుట్టి ఉంటే పదకొండు వేలూ తేనెరంగులో వచ్చేవి, సార్ అప్పుడు కూడా మనకు దొరికిందమ్మా అనేవారు. ఈ ముసలాయన్ని ఏం చెయ్యాలి? గొంతు చించుకుని అరవాలనిపించింది. ఫ్లాస్కు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. చూసీ చూసీ ఈ ప్రపంచంలో ఇంతమంది ఉండగా వైపని మనిషే దొరికాడా తన ల్యాబుకు? ఆ పేపరు చదివిన పేరులేని వాళ్లకు దూరాన ఎక్కడో కూర్చుని అనుమానం వచ్చింది, పక్కనే ఉన్న తనకు రాలేదు. రాలేదా, రానివ్వలేదా? ముప్పై తేనెరంగు పలుకులు కనిపించినప్పుడల్లా నోట్‌బుక్కులో గాలి తేడా అని రాసుకుంది. గాలి మీద తోసేసింది. గిన్నెలన్నిటిలో పలుకులు ఒకే వేళకు, ఒకే సైజుకు పుడుతుంటే మురిసిపోయింది, బళ్లో చేరిన పిల్లలకైనా తోస్తుంది అట్లా ఎందుకు పుడతాయని. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

ఆమె ముఖం చూశాక గానీ సిద్దిరాములుకు ఏదో పెద్ద తప్పే జరిగిందని తట్టలేదు. ఏం తప్పో ఆయనకు పూర్తిగా తెలియదు, ఎంత పెద్దదో మాత్రం తెలిసింది. చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, డబ్బా అక్కడే ఉన్నట్టుంది. వెనక్కి తిరిగి గుమ్మం బయటికి చూసి, గొంతు తగ్గించాడు.

"నాకూ నీకే ఎరుక బిడ్డా. నేనెవ్వలకు చెప్ప. సచ్చినా చెప్ప."

నిజమే కదా. ఈ పది గిన్నెల్ని కడిగేస్తే ఎవరికి తెలుసు? ఇవే గిన్నెలు, ఇదే గది, ఆ జేబులో డబ్బా, సూది మొనంత పొడి, ఎల్లుండికల్లా పదికి పది నీలం. పేపరు వస్తుంది, థీసిస్ డిసెంబరుకు అందుతుంది, విజయేందర్ స్నేహితులకు పార్టీ ఇస్తాడు. ఇంకెవరో, ఏ దేశంలోనో, ఆమె పేపరు నమ్మి గిన్నెలు పెట్టుకుని, సగం సగం వస్తుంటే తమ చేతుల్లోనే తప్పుందని ఏడుస్తూ కూర్చుంటారు. పదకొండింటికి ఐదు నిమిషాలుండగానే ఫోన్ మోగింది. సార్ ఎప్పుడూ ముందే చేస్తారు.

సగం సగం వచ్చాయి సార్ అని చెప్పేసింది, పలకరింపుకు కూడా ఆగకుండా. ఆగితే ఏం చెప్పేదో తనకే నమ్మకం లేదు. సార్ నెమ్మదిగా, ఆమెకన్నా తనకే చెప్పుకుంటున్నట్టు మాట్లాడారు. గది కొత్తది, సీసా కొత్తది, సరుకు వేరే కంపెనీది, అందులో ఏ మలినం ఉందో ఎవరికి తెలుసు, పది గిన్నెలెక్కడ మూడు వందల గిన్నెలెక్కడ, దీన్ని పేపర్లో చివరన చిన్న మాటగా రాసి ముందుకు పోదాం అన్నారు. ఆయన కూడా ఆశపడ్డ మనిషే, రిటైర్మెంటుకు ఏడాది ఉంది.

"ఒక్కటే చెప్పమ్మా. పాత గిన్నెల్లో ఎవరూ ఏమీ వెయ్యలేదు కదా?"

సిద్దిరాములు ఆమెనే చూస్తూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"వేసిండ్రు సార్. పాత పలుకు పొడి. ప్రతి గిన్నెల పడ్డది. నాకు ఇయ్యాలనే ఎరుకైంది."

ఎవరు అని సార్ అడిగారు, అటెండరా అని కూడా అడిగారు, గొంతు పెరిగింది, ప్రిన్సిపాల్‌తో ఇప్పుడే మాట్లాడతానన్నారు. వనజకు సార్‌తో ఏనాడూ సిరిసిల్ల మాటలో మాట్లాడిన గుర్తు లేదు, ఇవాళ వేరే మాట నోటికి రావడం లేదు.

"గిన్నెలు నావి సార్. మూతలు పెట్టకముందే బస్సెక్కింది నేను. ఎవల పేరన్న రాయాల్నంటే నా పేరే రాయుండ్రి."

ఆయన తిట్టలేదు. పేపరు వాపసు తీసుకుంటున్నామని సోమవారం రాస్తాను, డిసెంబరు సంగతి ఇక మరిచిపో అన్నారు. పెట్టేశారు. వనజ ఫోన్‌ను గిన్నెల పక్కన బోర్లించింది. ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. ఒళ్లంతా విసుగే ఉంది, తన మీద, సార్ మీద, ఏ వాటమూ లేని ఆ ఉప్పు మీద. ఆ డబ్బా ఇట్లియ్యి అంది. సిద్దిరాములు జేబులోంచి తీసి ఇచ్చాడు. అంత చిన్న డబ్బా. మూత తీసి ఫ్లాస్కులో చాయ్ దాంట్లోకి వంచి, పొడి మొత్తం కరిగిందాకా వేలితో తిప్పి, కిటికీ బయట మట్టిలో పారబోసింది. ఇంటికి పోయి తలకు పోసుకుని, అంగీ మార్చుకుని సోమవారం రమ్మంది. ఆయన కదలలేదు.

"నా పేరెందుకు చెప్పలే బిడ్డా?"

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు, పొద్దుటి నుంచి ఎవరి మీద పెట్టాలో తెలియని కోపమంతా.

"చెప్తే నిన్ను సోమవారమే తీసేస్తరు. నాకు మళ్ల మొదటిసంది మూడేండ్ల పనున్నది. గిన్ని గిన్నెలు ఎవలు కడుగుతరు, నీ దోస్తు, మా బాపు వచ్చి కడుగుతడా?"